గోలలో వినబడని మాట



గడచిన నెలలో ఒక సాయంకాలము మేము గృహదర్శనమునకు వెళ్లితిమి. ఆ యింటివారు భక్తిగలవారు, వచ్చినవారిని ఆదరించువారు. మంచము వాల్చి, టీ యిచ్చి, టెలివిజనుకు ఎదురుగానే మమ్మును కూర్చుండబెట్టిరి. అంతలో వీధి చివరనుండి ఒక అవ్వ కర్ర ఊతగా వచ్చి, గుమ్మము ప్రక్కన కూర్చుండి, "అయ్యగారూ, మీతో ఒక మాట చెప్పుకోవాలి" అనెను. సరిగా అప్పుడే వార్తలు ఆగి వ్యాపార ప్రకటన మొదలాయెను. వార్తలకంటె ప్రకటనకు గొంతు పెద్దదని మీకును తెలియును. సబ్బునుగూర్చిన పాట మాకు స్పష్టముగా వినబడెను గాని అవ్వ మాట వినబడలేదు. "చెప్పమ్మా" అంటిమి, కాని మా కన్ను తెరమీదనే యుండెను. ఆమె కొంతసేపు చూచి, "మళ్లీ వస్తాలే అయ్యా" అని లేచి వెళ్లిపోయెను.

టెలివిజనుతో మనకున్న విసుగులు అందరికిని తెలిసినవే. వాన చినుకు పడగానే బొమ్మ పోవును. సీరియలులో ఒక అత్తగారు తలుపు తెరచిన యెడల, ఇంటనున్న ఆరుగురి ముఖములను ముమ్మారు చూపి, ఉరుము మ్రోగించి, కథను మరునాటికి వాయిదా వేయుదురు. చర్చ అని చెప్పి నలుగురిని నాలుగు గడులలో కూర్చుండబెట్టుదురు. నలుగురును ఒకేసారి అరచుదురు. ఉదయము చెప్పిన సంగతినే రాత్రి "ఇప్పుడే అందిన వార్త" అందురు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముమీదికి వచ్చుచున్నప్పుడు ముందుగా హెచ్చరికలు చూపి ఈ పెట్టె మేలు చేసినది, కాదనము. అయితే ఈ దినములలో తుఫాను హెచ్చరికకును, నటుని పెండ్లికిని అవే ఎర్ర అక్షరములు! ఏది భయపడదగినదో పామరుడు ఎట్లు తెలిసికొనును?

ప్రకటనలకు హద్దు లేకపోలేదు. 1994లో చేసి, తరువాత సవరించిన కేబుల్ టెలివిజన్ నియమములలో, ప్రకటనలు గంటకు 12 నిమిషములు మించరాదనియు, వాటి శబ్దము మితిమీరరాదనియు ఉన్నది. మేము ఒక రాత్రి గడియారము ఎదుట పెట్టుకొని లెక్కించితిమి. లెక్క 12 దాటెను. చివరకు ఏ కార్యక్రమము చూచితిమో మాకు జ్ఞాపకము లేదు.

1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము, ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలో దాదాపు 2400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజను చూపిరి. ఊరంతటికి ఒకటే పెట్టె. సేద్యమును, ఆరోగ్యమును గూర్చిన సంగతులు సాయంకాలము చూపుచుండిరి. ఇప్పుడు ఇంటింటికి పెట్టె యున్నది, గాని ఒక్క యింటిలోనే ఒకరి మాట ఒకరికి అందుటలేదు. ఇతరులను అననేల? మా యింటనే కుటుంబ ప్రార్థనవేళ శబ్దము మాత్రము ఆపుదుము. బొమ్మలు కదలుచునే యుండును. పిల్లలు కన్నులు మూసికొనిరో లేదో చూచుటకు మేము కన్నులు తెరచి, మేమే బొమ్మలు చూచిన దినములు కలవు.

మార్కు సువార్త 10వ అధ్యాయములో యెరికో దారిప్రక్కన కూర్చున్న బర్తిమయిని ఎరుగుదుము. వాడు కేక వేయగా జనులు ఊరకుండుమని గద్దించిరి. ఈ భాగమునుండి వాని విశ్వాసమును గూర్చి మేము పలుమారులు బోధించితిమి. ఈ నెల మాత్రము, ప్రభువు నిలిచిపోయెనను మాటయొద్దనే మా మనస్సు ఆగినది. ఆయన యెరూషలేమునకు, తన శ్రమలయొద్దకు వెళ్లుచుండెను. అంతకంటె పెద్ద పని ఎవరికున్నది? అయినను ఒక బిచ్చగాని కొరకు ఆగెను. వానికేమి కావలెనో తానెరిగియు, వాని నోటనే వినుటకు అడిగెను. ఆయనకు అడ్డముగా నున్నది గొప్ప జనసమూహము. మాకు అడ్డమైనదో, రిమోటుమీద ఒక చిన్న బటను. దానిని నొక్కుమని ఇంటివారిని అడుగుటకు మొగమాటపడితిమి.

తరువాతి ఆదివారము అవ్వ ఆరాధనకు రాలేదు. మేము ఆమె గుడిసెకు వెళ్లితిమి. అక్కడ టెలివిజను లేదు. ఆ సాయంకాలము ఆమె చెప్పవచ్చిన దేమనగా, 19 ఏండ్ల మనుమడు తండ్రితో తగవులాడి, ఆ రాత్రి బస్సుకే హైదరాబాదు వెళ్లుటకు సిద్ధపడెననియు, అయ్యగారి మాటయైతే వినుననియు. మేము సబ్బు ప్రకటన చూచుచున్న వేళ వాడు ఇంట సంచి సర్దుకొనుచుండెను. ఆమె మమ్మును ఒక్క మాటయు అనలేదు. గంటకు పైగా కూర్చుండి అంతయు వింటిమి, గాని వాడు వెళ్లి అప్పటికి ఐదు దినములు.

వాని ఫోను నంబరు వ్రాసిన కాగితము అవ్వ మాకిచ్చినది. ప్రతి రాత్రి చేయుచున్నాము, ఇంకను ఎత్తుటలేదు. మన సంఘపు బిడ్డలు హైదరాబాదులో కూలిపనులలో నున్నవారు పలువురు. పండుగకు ఇండ్లకు వచ్చినప్పుడు వారిని మాయొద్దకు పంపుడి.