మసి ఎవరిది, మెరుపు ఎవరిది

1995 డిసెంబరు 6. బాబాసాహెబ్ అంబేద్కర్ పోయి అప్పటికి సరిగ్గా ముప్పై తొమ్మిదేళ్లు. ఆ రోజే పంజాబులో జలంధర్, ఫిరోజ్‌పూర్ మధ్య బ్రాడ్‌గేజ్ మీద స్టీమ్ ఇంజను లాగిన చివరి మామూలు రైలు నడిచింది. ఆ ఇంజను పేరు షేర్-ఎ-పంజాబ్. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు, తేదీ కలిసిందంతే. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు నన్నొక ప్రశ్న వదిలిపెట్టదు. పాతబడిపోయిన ఇంజనును ఈ దేశం వారసత్వం అన్నది. ఆ ఇంజనును కడిగిన మనిషిని ఏమన్నది?

మామూలు రైళ్లకు స్టీమ్ ఇంజను పనికిరాకుండా పోయినంక దానికి గౌరవం మొదలైంది. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్‌ను పెరంబూరు వర్క్‌షాపులో బాగుచేసి 1997లో మళ్లీ పట్టాలెక్కించిండ్రు. ఢిల్లీ నుంచి అల్వార్ దాకా, సరిస్కా పులుల అడవి చూపించుకొచ్చే రెండు రోజుల యాత్ర. హర్యానాలో రేవాడీ షెడ్ 1893 నాటిది. ఇప్పుడది వారసత్వ స్టీమ్ ఇంజన్ల ఇల్లు. 1965లో చిత్తరంజన్‌లో పుట్టిన అక్బర్ అనే ఇంజను అక్కడిదే, ఆ షేర్-ఎ-పంజాబ్ కూడా అక్కడికే చేరింది. యాత్ర రోజున ఇంజనుకు పూలదండలేస్తరు, కొబ్బరికాయ కొడుతరు, ఫొటోలు దిగుతరు. కూత వినంగనే పెద్దపెద్దోళ్లు కూడా పిల్లలైపోతరు.

నేను ఆ యాత్ర గురించి మాట్లాడడం లేదు. ఒక యాత్రకూ ఇంకో యాత్రకూ నడుమ షెడ్‌లో జరిగే పని గురించి మాట్లాడుతున్న. ఎందుకంటే మా ఇంటి మనిషి ఒకడు తన బతుకంతా ఆ నడుమనే గడిపిండు.

వేములవాడకు రైలు లేదు. 2023లో మనోహరాబాదు నుంచి సిద్దిపేట దాకా రైలొచ్చింది. ఆ లైను సిరిసిల్ల, వేములవాడల మీదుగా కొత్తపల్లికి పోవాలన్నది ప్లాను. మా మేనమామ కాలంలో పొగబండి చూడాలంటే బస్సెక్కి కామారెడ్డికన్నా పోవాలె, పెద్దపల్లికన్నా పోవాలె. మామ అట్లనే పోయిండు. ఊర్లె దొర దగ్గర వెట్టి చేసే ఇంట్లనుంచి పోయి షెడ్‌ల ఖలాసీ అయిండు. ఆ షెడ్ పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే తప్పంతా ఒక్క షెడ్‌దే అయిపోతది.

ఆ పని ఏందో తెలియకుండా వారసత్వం గురించి మాట్లాడితే గాలి మాటలైతయి. తిరిగొచ్చిన స్టీమ్ ఇంజనును డీజిల్ ఇంజను లెక్క స్విచ్ ఆపేసి పోవడానికి లేదు. ముందు బూడిదగుంత మీద నిలబెట్టి ఫైర్‌బాక్సులోంచి బూడిద, గడ్డకట్టిన క్లింకరు కిందికి గుంజాలె. ముందు దిక్కున్న స్మోక్‌బాక్సు తలుపు తీసి మసి, నుసి పారలతో ఎత్తాలె. గొట్టాలల్ల పేరుకున్న మసిని పొడవాటి కడ్డీతో ఒక్కొక్క గొట్టంలో పొడిచి తీయాలె. బాయిలరును ఒక్కసారిగా చల్లార్చొద్దు. రేకు ఒకదిక్కు వేడిగ, ఒకదిక్కు చల్లగ ఉంటే గుంజుకుపోయి అతుకులు వదులుతయి. నిదానంగా చల్లారినంక వాష్అవుట్. ప్లగ్గులు విప్పి, జోరుగ కొట్టే నీళ్ల ధార పెట్టి లోపలి బురదనూ సున్నపు పొలుసునూ కడగాలె. ఆ పొలుసు నిలిస్తే నిప్పు వేడి నీళ్లకు అందదు, రేకు కాలుతది. రేకు కాలితే ఏమైతదో డబ్ల్యూపీ ఇంజను లెక్క చూస్తే తెలుస్తది. దాని బాయిలర్‌లో చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి ఉంటది.

ఆ తర్వాత ఒకడు ఫైర్‌బాక్సు తలుపు సందులోంచి లోపలికి దూరాలె. దీపం పట్టుకొని గొట్టాల మూతులు కారుతున్నయా చూడాలె. రెండు రేకులను పట్టి ఉంచే స్టేలను సుత్తెతో ఒక్కొక్కటి కొట్టి చప్పుడు వినాలె. మంచి స్టే ఖంగుమంటది, విరిగిన స్టే బొద్దుగ పలుకుతది. పైకప్పులో సీసం పోసిన ప్లగ్గు చూడాలె. నీళ్లు తక్కువై కప్పు తేలితే ఆ సీసం కరిగి ఆవిరి నిప్పు మీద పడుతది, మనుషులను హెచ్చరిస్తది. అంతా అయినంక నీళ్లు నింపి మళ్లీ నిప్పు పెట్టాలె. అదీ తొందరపడొద్దు. చల్లటి ఇంజను ఆవిరి పట్టాలంటే ఒక రాత్రంతా కూచోవాలె. తెల్లారి దండ వేసేటోనికి ఆ రాత్రి కనబడదు.

మామ సుత్తె చప్పుడు వినేటోడు. చిన్నప్పుడు మోటలు కుట్టే తండ్రి పక్కన కూచున్నడు. బొక్కెనలో ఎక్కడ చెమ్మ ఊరుతుందో వేలితో పట్టుకునేటోడు. డప్పును మంటకు కాపి, కొట్టి, ఇంకెంత కాగాలో చెవితో చెప్పేటోడు. ఈ సంగతి తెలిసిన ఒక ఆఫీసరు ఒకసారి అందరి ముందర మెచ్చుకున్నడట. "వీళ్లకు ఇది రక్తంలోనే ఉంటదయ్యా" అని.

మామ ఇంటికొచ్చి మా అవ్వతోని అన్న మాట నాకింకా యాదికుంది. "అక్కా, నేను పదేండ్లు నేర్సుకున్నది ఆయన ఒక్క మాటతోని గుంజుకున్నడు."

ఈ మాట మీద నేను చాలా ఏండ్లు ఆలోచించిన. ఒకనికి తెలివి ఉన్నదంటే వాడు ఫిట్టర్ కావాలె, మేస్త్రీ కావాలె, జీతం పెరగాలె. అదే తెలివి రక్తంలో ఉన్నదంటే ఇంకేమీ ఇవ్వనక్కరలేదు. పుట్టుకతోనే వచ్చినదానికి ప్రమోషన్ ఎందుకు? తిట్టుతో చేసే పని మెప్పుతో కూడా చేయవచ్చునని కులానికి బాగా తెలుసు. విరిగిన స్టే పట్టుకున్నది మామ. రిజిస్టరులో సంతకం ఇంకొకరిది. ఇరవై ఏండ్లు గడిచినా ఆయన పేరు పక్కన ఖలాసీ అనే ఉంది.

ఇది ఒక్క మనిషి బాధ అనుకుంటే పొరపాటు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల సభ జరిగింది. కామారెడ్డి, నిజామాబాదుల మీదుగా పోయిన అప్పటి మన మీటర్‌గేజ్ లైనుకు ఆఖరి స్టేషను ఆ మన్మాడే. అంబేద్కర్ ఆ సభకు అధ్యక్షుడు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం - కార్మికులకు ఈ రెండూ శత్రువులేనని ఆయన చెప్పింది అక్కడే. ఆ మాట అందరికీ యాదికుంది. అదే ఉపన్యాసంలో ఆయన రైల్వే లెక్క కూడా విప్పిండు. అంటరానివాణ్ని పోర్టరుగా తీసుకోరు. ఎందుకంటే పోర్టరుతో స్టేషన్ మాస్టరు ఇంటిపని కూడా చేయించుకుంటడు, అంటరానివాడైతే ఇంట్లకు రానియ్యడానికి లేదు. వర్క్‌షాపుల్లో అయితే వాడు మెకానిక్ కావడమే అరుదు, ఫోర్‌మన్ అయితే అసలే కాడు, కూలీగా చేరి కూలీగానే మిగులుతడు. ఇదీ ఆయన చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చినంక కూడా రైల్వేలో దళితుల ప్రమోషన్ల రిజర్వేషన్ మీద సుప్రీంకోర్టు దాకా కొట్లాట నడిచింది. 1980లో కోర్టు ఆ రిజర్వేషన్ చెల్లుతుందని చెప్పవలసి వచ్చింది. ఇంజను పైకెక్కడానికి రెండు మెట్లు. ఖలాసీ పైకెక్కడానికి కోర్టు కావాలె.

మరి మనం స్టీమ్ ఇంజనును ద్వేషించాలా? నా మిత్రుడొకడు అట్లనే అంటడు. "మన నడుములు విరిగిన పనిని వాళ్లు పండుగ చేసుకుంటుంటే మనం చప్పట్లు కొట్టాలా? ఆ ఇంజన్లన్నీ తుక్కు కిందికి పోనీ." వాని కోపం నాకర్థమైతది. కాని ఒప్పుకోలేను. మా ఇంట్ల మొదటి నెల జీతం ఆ మసిలోంచే వచ్చింది. దొర గడిలో వెట్టికి లెక్క లేదు, గంట లేదు. షెడ్‌ల సైరన్ ఉంది, డ్యూటీ ఉంది, సంఘం ఉంది, పిల్లలకు బడి ఉంది. మా మామ కూతురు చదువుకున్నదంటే రైల్వే క్వార్టర్ల దీపం కిందనే. ఇంజను మమ్మల్ని కాల్చింది, ఊరి నుంచి బయటికీ లాగింది. రెండూ నిజమే.

ఇంకో మిత్రుడున్నడు, చదువుకున్నోడు. ఆయన దీనికి తలకిందులు. శ్రమ సంస్కృతి మనదే గనుక మసి కూడా మన గర్వమే అంటడు. దీన్నీ ఒప్పుకోలేను. మా దిక్కు రాజన్నకు కోడె కట్టి మొక్కు తీర్చుకుంటరు. బతికిన కోడెకు పసుపు, కుంకుమ. ఏ ఊర్లోనైనా చచ్చిన పశువు మాత్రం మాదిగోనికే. దాన్ని ఈడ్చుకుపోవుడు, తోలు ఒలుచుడు, తంగేడు చెక్కతో లందలో ఊనుడు. అందులో గొప్ప విద్య ఉంది, కాదనను. ఆ విద్య లేకుంటే మోట లేదు, మోట లేకుంటే పొలానికి నీళ్లు లేవు. కాని ఆ విద్యను వద్దనే హక్కు మా తాతకు లేకుండె. వద్దనే హక్కు లేని పనిని గర్వంగా మోయమంటే, అది సంకెలకు పాలిష్ పెట్టినట్టే.

కాబట్టి అసలు ప్రశ్న ఇంజను గురించి కాదు. ఏ పనిని కాపాడాలె, ఏ పనిని పాతిపెట్టాలె? రైల్వేలోనే దీనికి రెండు ఉదాహరణలున్నయి. బాయిలరు వాష్అవుట్ చేసేటోడూ పొద్దంతా మురికిలోనే ఉంటడు. పట్టాల మీద పడ్డ మలాన్ని ఎత్తేటోడూ మురికిలోనే ఉంటడు. రెండో పనిలో కాపాడుకోవలసిన విద్య ఏదీ లేదు. ఒక మనిషిని కించపరచడమే దాని లోపల ఉంది. పెట్టెల కింద ట్యాంకు కట్టడానికి ఈ దేశానికి నూరేండ్లకు పైన పట్టింది, ఎందుకంటే ఎత్తే చేతులు అగ్గువకు దొరికినయి. 2013లో పాకీపని మీద కొత్త నిషేధ చట్టం వచ్చింది. ఆ పనికి మ్యూజియం అక్కరలేదు, సమాధి కావాలె. మొదటి పని వేరు. అది చేయాలంటే నీటి గుణం తెలవాలె, ఇనుము ఎట్ల సాగుతదో తెలవాలె, చప్పుడులో తేడా తెలవాలె. మురికిని చూసి ఈ రెండింటినీ ఒక్క గాటన కట్టినవాడు పనిని చూడలేదు, చేసేవాని కులాన్నే చూసిండు.

విద్య ఉన్న పనికి కూడా నేను మూడు షరతులు పెడుత. ఆ పనిలో చేరేది పుట్టుకను బట్టి కావద్దు. చేసేటోనికి పైకెక్కే మెట్టుండాలె. వద్దనుకుంటే వదిలిపోయే తొవ్వ ఉండాలె. ఈ మూడూ ఉంటే మసి ఒక వృత్తికి గుర్తు. ఒక్కటి లేకున్నా అది కులానికి గుర్తే.

వారసత్వ ఇంజన్ల దగ్గర ఈ సంగతి ఇంకా పదునుగ కనబడుతది. స్టేషను ముందర దిమ్మె మీద నిలబెట్టిన ఇంజనుకు రంగు చాలు. ఎండకు, వానకు అది నెమ్మదిగా తుప్పు పట్టినా అడిగేటోడు లేడు. కాని మళ్లా నడవాలంటే దానికి రంగుతో పని కాదు. విడిభాగాలు కంపెనీలు తయారు చేయడం మానేసి ఎన్నో ఏండ్లయింది. బుష్షు అరిగితే పోత పోయాలె, గొట్టం కారితే మూతి సాపు చేసి బిగించాలె. పుస్తకంలో కొలతలుంటయి. ఎంత బిగించాలో చేతికే తెలుస్తది. అంటే నడిచే ఇంజనులో వారసత్వం ఇనుములో సగమే. మిగిలిన సగం ఇంకొకరికి నేర్పితేనే మిగిలే విద్య. ముసలి ఖలాసీ పోయిన రోజు ఆ సగం పోతది, ఇంజను దిమ్మె మీది బొమ్మ అయితది.

అట్లాంటప్పుడు ఇంజను ఎవరు తయారు చేసిండ్రు, ఏ సంవత్సరం, బరువెంత, ఏ లాటు సాబు ఎక్కిండు అని బోర్డు రాసేటోళ్లు దాన్ని నడిచేటట్టు ఉంచిన మనుషుల పేర్లు ఎందుకు రాయరు? నాకు ఆ బోర్డు మీద దయతో రాసిన "అనేకమంది కార్మికులు" అనే మాట వద్దు. పేర్లు కావాలె. వాష్అవుట్ చేసినవాని పేరు, స్టే విరిగిందని చెప్పినవాని పేరు. దానికన్నా ముందు, నేర్చుకునే పిల్లలకు సర్టిఫికెట్, స్కేలు, సంతకం పెట్టే అధికారం కావాలె. ఆ పిల్లలు ఏ కులం నుంచైనా రావాలె. బాపనోళ్ల పిల్లగాడు బూడిదగుంతలో దిగి పార పట్టిన రోజు, మాదిగోళ్ల పిల్ల బాయిలరు ఇన్‌స్పెక్టరై ఆ ఇంజను నడవొచ్చని సంతకం చేసిన రోజు, నేనూ టికెట్టు కొనుక్కొని ఆ బండెక్కుత. అప్పటిదాకా నాకు కూత వినబడినప్పుడల్లా దాని వెనక సుత్తె చప్పుడు వినబడుతనే ఉంటది. ఏది ఖంగుమంటుందో, ఏది బొద్దుగ పలుకుతుందో చెప్పడానికి మాకు రక్తం అక్కరలేదు. మేం నేర్చుకున్నం.