ఒప్పుకోకపోయినా తీసుకుంటామంటే

ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో, బ్రూమ్ పట్టణానికి ఉత్తరాన జేమ్స్ ప్రైస్ పాయింట్ ఉంది. సముద్రం అడుగు నుంచి తీసిన గ్యాస్‌ని అక్కడ మైనస్ 162 డిగ్రీలకి చల్లబరిచి, ద్రవంగా ఓడలకెక్కించాలని వుడ్‌సైడ్ కంపెనీ ఆలోచన. 2011లో ఆ నేలమీద హక్కు కోరుతున్న ఆదివాసులు ఓట్లేశారు. సరేనన్నవాళ్లు 164 మంది, వద్దన్నవాళ్లు 108.

మెజారిటీ కదా, ఇంకేంటి గొడవ?

గొడవల్లా ఓటుకి ముందు జరిగినదాంతోనే. 2010లోనే రాష్ట్ర ప్రీమియర్ కాలిన్ బార్నెట్ బలవంతపు భూసేకరణ మొదలుపెట్టాడు. ఒప్పుకుంటే దాదాపు 150 కోట్ల డాలర్ల ప్యాకేజీ. ఒప్పుకోకపోయినా నేల పోవచ్చు. దీన్ని అడగడం అంటారా? (నోటీసు చేతికొచ్చాక గ్రామసభకి వెళ్లిన మన రైతులకి ఈ ప్రశ్న కొత్తదేం కాదు.)

అలాగని ఆ 164 మందీ అమ్ముడుపోయారనడం నాకు అన్యాయంగా తోస్తుంది. పిల్లలకి ఇళ్లూ చదువులూ ఉద్యోగాలూ కావాలనుకోవడం ఆశపోతుతనమా? ప్రభుత్వం ఎలాగూ ఇవ్వాల్సినవాటిని నేలకి బదులుగా చూపించడంలోనే ఉంది తప్పు. దూరాన్నుంచొచ్చి రోడ్డుకి అడ్డం కూర్చున్న పర్యావరణవాదులు, ఎంత నిజాయితీపరులైనా, ఆ బేరం ముందు నిలబడాల్సిన అవసరం రాలేదు.

2013 ఏప్రిల్‌లో, ఖర్చు గిట్టుబాటు కాదని కంపెనీయే అక్కడ ప్లాంటు మానుకుంది. ఆగస్టులో పర్యావరణ అనుమతులు చెల్లవని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఈలోపు ఆ ఓటు మీద బంధువులు బంధువులతో తగువు పడ్డారు.