డాబా మీది ఎండ

ఏటా మార్చి రాగానే కింది వాటాలో అద్దెకుండే ఆవిడ మా డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టేది. పోయినేడు ఆ చోట సోలార్ పలకలు పెట్టించాను. ఫ్రేము ఎత్తుగానే కట్టారు, కింద మనిషి నిలబడొచ్చు. కానీ వడియాలకు నీడతో ఏం పని? "పర్లేదులెండి మాస్టారూ, మా అక్కావాళ్ళింట్లో పెట్టుకుంటా" అంది. మెట్లు దిగుతూ ఆగి, "మా మీటరుకి కూడా వస్తుందాండీ ఆ కరెంటు?" అని అడిగింది.

రాదు. నా మీటరుకే.

మొత్తం 3 కిలోవాట్లు. రెండు లక్షల పైచిలుకు అయింది. అందులో 78,000 రూపాయలు కేంద్ర ప్రభుత్వం నా ఖాతాలో వేసింది. 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్య ఘర్ పథకం అది. కోటి ఇళ్ళు లక్ష్యం, 75,021 కోట్ల ఖర్చు. ఎండ బాగా కాస్తే రోజుకు 12 యూనిట్ల దాకా పుడుతుంది. పగలు నేను వాడగా మిగిలింది లైన్లోకి పోతుంది, రాత్రి ఏసీకి అంత మేరా వెనక్కి తీసుకుంటాను. అంటే ఊరి స్తంభాలూ, తీగలూ, ట్రాన్స్‌ఫార్మరూ నాకు బ్యాంకు. వాటి ఖర్చు మాత్రం ఎక్కువగా మిగతావాళ్ళ బిల్లుల్లోంచే రావాలి. ఇదివరకు నేను పైశ్లాబు రేటు కట్టేవాణ్ణి, కింది శ్లాబుల వాళ్ళకు చవగ్గా ఇవ్వడానికి ఆ డబ్బు కొంత ఆసరా. ఇప్పుడదీ లేదు.

ఆవిడ బట్టలు కుడుతుంది. మోటారు మిషను. బిల్లు మొత్తం కడుతుంది. కొన్న దారం రీలు మీదా పన్ను కడుతుంది. నాకొచ్చిన 78,000లో ఆ దారం పన్నూ ఉంది.

ఇదంతా కరెంటాఫీసులో చేసి రిటైరైన మిత్రుడితో అంటే కొట్టిపారేశాడు. "నీకిచ్చింది దానం కాదోయ్, బొగ్గు తగ్గిస్తున్నందుకు కూలి." కాదనలేను. పొగ తగ్గితే ఆవిడ పిల్లలకీ మేలే. ఇంకో సంగతీ ఉంది. జర్మనీలో 2000లో చట్టం చేసి, సోలార్ కరెంటుకు ఇరవయ్యేళ్ళపాటు మంచి ధర కట్టించారు. ఆ భారం జనం కరెంటు బిల్లుల్లో వేశారు. 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్లు. 2022 జులైలోగానీ బిల్లుల్లోంచి తీసెయ్యలేదు. అలా పుట్టిన గిరాకీ వల్లే చాలావరకు చైనాలో ఫ్యాక్టరీలు పెరిగి, పలకల ధర పడింది. బెర్లిన్లో సొంత డాబా లేకుండా అద్దెగదిలో బతికిన వాళ్ళెవరో కట్టిన బిల్లు వల్ల కూడా నా పలకలు చవగ్గా వచ్చాయన్నమాట.

ఈ ఆలోచన మొదట్లో నాకు చాలా నచ్చింది. తర్వాత అనుమానమొచ్చింది. లోకమంతటికీ ఋణపడ్డాననుకోవడంలో ఒక సుఖం ఉంది, ఎవరికీ తీర్చక్కర్లేదు. బెర్లిన్ మనిషి వచ్చి నా తలుపు కొట్టడు. కింది వాటా మనిషి రోజూ కనిపిస్తుంది.

సబ్సిడీ తప్పని అనను. రాకపోతే నేను పెట్టించేవాణ్ణే కాదు. కానీ సాయం ఇంటికప్పు లెక్కన ఇస్తే, కప్పున్నవాడికే చేరుతుంది. పేద కుటుంబాలకు ఉచితంగా పెట్టిస్తామన్నా, పెట్టడానికి ముందు సొంత కప్పు ఉండాలిగా! ఒకచోట పలకలు పెట్టి, పుట్టిన కరెంటును పదిమంది మీటర్లలో జమచేసే పద్ధతికి ఢిల్లీలో నిబంధనలున్నాయి. అలాంటిది ఇక్కడా పెద్ద ఎత్తున రావాలని వాదిస్తుంటాను. వాదించడానికి ఖర్చేం లేదు మరి.

ఖర్చయ్యేది ఒకటుంది. నాకు మిగిలే బిల్లులోంచి నెలకు అయిదొందలు ఆవిడ అద్దెలో తగ్గించొచ్చు. మా ఇంటావిడతో అంటే, "అడిగిందా ఆవిడ?" అంది. అడగలేదు. ఉగాది వెళ్ళింది. ఏటా పెంచే అద్దె ఈసారి పెంచలేదు, అదే గొప్పనుకున్నాను. తగ్గించే మాట ఇంకా ఎత్తలేదు.

మొన్న ఉదయం దుమ్ము కడుగుదామని పైపు పట్టుకుని పైకెళ్ళాను. పిట్టగోడ వారగా, పలకల నీడ పడని మూరెడు జాగాలో, నాలుగు మడతలు వేసిన చీర మీద రెండు వరసల వడియాలున్నాయి. ఎగిరిపోకుండా చివర్లకు ఇటుక ముక్కలు.

ఆ వైపు పలకలు ఆ రోజు కడగలేదు.