ముహూర్తం పెట్టి బిడ్డను కనడం ధర్మమేనా?

కృష్ణాష్టమి వీడియోలో దేవకీదేవి ప్రసవం గురించి రెండు మాటలు చెప్పుకుని ముందుకెళ్లిపోయాం. అక్కడ టైం చాలక వదిలేసిన ప్రశ్న ఒకటి ఉంది. దాని గురించి ఇక్కడ మాట్లాడుకుందాం.

మన ఇళ్లల్లో మామూలుగా జరిగేదే చూడండి. అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం, పుట్టిల్లు నర్సంపేట. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి వస్తుంది. డ్యూ డేట్ దగ్గర పడేసరికి అమ్మమ్మ పంచాంగం తీస్తుంది, నాన్న పంతులు గారికి ఫోన్ చేస్తాడు. "గురువారం పొద్దున తొమ్మిదిలోపు అయితే దివ్యంగా ఉంది, శుక్రవారం అయితే మూల నక్షత్రం" అని కబురొస్తుంది. ఆ కాగితం పట్టుకుని వరంగల్‌లోనో హన్మకొండలోనో ఆస్పత్రికి బయల్దేరతారు. అమ్మాయికి ఒక్క నొప్పి కూడా రాలేదు. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. అయినా సరే ఆపరేషన్ థియేటర్ రెడీ!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఆ లెక్క 21.5. మన దగ్గర ప్రైవేట్ ఆస్పత్రుల్లో అయితే నూటికి 80 దాటింది. ఇవన్నీ ముహూర్తం కోసమే అనడం లేదు. నొప్పులంటే భయం ఉంది, మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అనే పద్ధతి ఉంది, డబ్బు సంగతీ ఉంది. ఆ కారణాలను వేరేవాళ్ల మీదకి నెట్టొచ్చు. ముహూర్తం మాత్రం మన పూజగదిలోంచి వచ్చింది. దానికి జవాబు చెప్పాల్సింది మనమే.

సరే, మన పురాణాలనే అడుగుదాం. అష్టమి, నవమి మంచిది కాదని కొత్త బండి కూడా కొనం కదా! కృష్ణుడు పుట్టింది బహుళ అష్టమి నాడు, అర్ధరాత్రి, చెరసాలలో. రాముడు పుట్టింది నవమి నాడు. పైగా రోహిణిలో పుడితే మేనమామకు గండం అంటారు. కంసుడి విషయంలో అది నిజమే అయింది, లోకానికి మేలే జరిగింది. ఇవాళ్టి కుటుంబం దేవకి పక్కన ఉండి ఉంటే "ఒక్క రోజు ముందుకు జరపండి డాక్టర్ గారూ" అని ఉండేది.

ఇంకో సంగతి ఆలోచించండి. జాతకం అంటే ఏమిటి? పూర్వజన్మ కర్మను బట్టి జీవుడు ఏ క్షణంలో భూమి మీదకి వచ్చాడో చూసి చెప్పేది. ఆ క్షణాన్ని మనమే ఎంచి పెడితే, ఇక చదివేది బిడ్డ కర్మనా, మన కోరికనా? "ఆ ముహూర్తం పెట్టించుకోవడం కూడా వాడి కర్మలోనే ఉంది" అని కొందరు తెలివిగా అంటారు. ఒప్పుకుందాం. మరి ఏది జరిగినా కర్మ ప్రకారమే అయితే, వదిలేసినా జరగాల్సిందే జరుగుతుంది. ఇంక ముహూర్తం ఎందుకు? ఈ వాదన ఎటు తిప్పినా కత్తి అవసరం కనిపించదు.

మూల అంటే ఉన్న భయాన్ని నేను ఎగతాళి చేయను, అది పెద్దవాళ్ల ప్రేమలోంచి పుట్టిన భయం. కానీ దానికి సంప్రదాయమే దారి చూపించింది. నక్షత్ర శాంతి చేయిస్తారు. తండ్రి ముందుగా నూనెలో బిడ్డ నీడ చూసి, తర్వాత ముఖం చూస్తాడు. గిన్నెడు నూనెతో పోయే దోషానికి తల్లి కడుపు కోయమని ఏ శాస్త్రం చెప్పింది?

అసలు నష్టం ఏంటో కూడా తెలియాలి. అవసరం లేకుండా 39 వారాలు నిండకముందే ఆపరేషన్ చేస్తే, పుట్టిన బిడ్డకు ఊపిరి తీసుకోవడంలో ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది. తల్లికి కోత మానాలి, తర్వాతి కాన్పులో మాయ అతుక్కోవడం లాంటి చిక్కులు పెరగొచ్చు. మంచి ఘడియ కోసం బిడ్డ మొదటి శ్వాసనే కష్టం చేస్తున్నామన్నమాట.

నొప్పుల గురించి మన అమ్మాయిలకు ఎవరూ సరిగ్గా చెప్పరు, సీరియల్‌లో అరుపులు తప్ప. మొదట్లో నొప్పి వస్తూ పోతూ ఉంటుంది. మధ్యలో విరామం దొరుకుతుంది, ఆ విరామంలో నడవచ్చు, నీళ్లు తాగొచ్చు, నామం చెప్పుకోవచ్చు. రానురాను నొప్పులు దగ్గరపడతాయి. గర్భాశయ ముఖద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకోవాలి. తొలి కాన్పులో దీనికి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు, అందులో వింత ఏమీ లేదు. ఆ తర్వాత ముక్కే దశ, అదీ ఒక గంట, రెండు గంటలు ఉండొచ్చు. బిడ్డ వచ్చాక మాయ పడుతుంది. నమ్మకమైన మనిషి ఒకరు పక్కనే ఉంటే చాలా తేడా ఉంటుంది, కాబట్టి ఆస్పత్రిలో ముందే అడిగి పెట్టుకోండి. నొప్పి తగ్గించే మందులు కూడా ఉన్నాయి, అడగడం పాపం కాదు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా ముహూర్తం గిహూర్తం చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు తగ్గినా, మాయ కింద అడ్డుపడినా, సిజేరియన్ రెండు ప్రాణాలు కాపాడుతుంది. ఆపరేషన్ అయిన తల్లిని "నార్మల్ కాలేదా?" అని అడిగే చుట్టాలు కూడా పాపమే మూటగట్టుకుంటున్నారు. ఆమె కూడా ప్రాణం పణంగా పెట్టిన తల్లే. డాక్టరే ఎలాగూ ఆపరేషన్ తప్పదని చెప్పి, 39 వారాలు దాటాక "మంగళవారమా, బుధవారమా మీ ఇష్టం" అన్నారనుకోండి, బుధవారం ఎంచుకోండి, ఎవరికీ నష్టం లేదు. అవసరం ముందు వచ్చిందా, ముహూర్తం ముందు వచ్చిందా అన్నదే చూడాల్సింది.

ఇంట్లో పెద్దవాళ్లతో గొడవ పడక్కర్లేదు. "అమ్మమ్మా, కృష్ణుడు కూడా అష్టమి నాడే పుట్టాడు కదా" అని మెల్లగా మొదలుపెట్టండి. పంతులు గారికి ఫోన్ చేయొద్దని నేననను. కాన్పు అయ్యాక చేయండి. లేబర్ రూమ్‌లో సిస్టర్‌ని అడిగి బిడ్డ పుట్టిన టైం నిమిషాలతో సహా రాయించుకుని ఆయనకు చెప్పండి. ఆయన చూడాల్సింది ఆ టైమే. నామకరణానికి మంచి రోజు ఆయన్నే అడగండి, ఆ ముహూర్తం మీ ఇష్టం వచ్చినంత గొప్పగా పెట్టించుకోండి.