సున్నయు అభావమును

లేనిది పుట్టునా, ఉన్నదే వ్యక్తమగునా యను వివాదము మన దర్శనములలో మిక్కిలి పురాతనమైనది. మృత్తికయందు ఘటము అవ్యక్తముగా ముందే కలదని సాంఖ్యులు సత్కార్యవాదమును నిలుపగా, ఉత్పత్తికి పూర్వము అచ్చట నున్నది ఘటము కాదు, దాని ప్రాగభావమేయనియు, ఆ యభావము అనాదియైనను ఘటము పుట్టగనే నశించుననియు నైయాయికులు వాదించిరి. ఈ ప్రశ్నకు వాదముతో గాక ఆచరణతో బదులు చెప్పక తీరనిది నేడొకటి కలదు, అది కంపైలరు: విలువ చెప్పని చోట ఏమున్నదో అది తేల్చవలసినదే.

క్లాంగ్ అను కంపైలరునే తీసికొందము. నాలుగు సంఖ్యలను ఒక్క పట్టున పట్టి, 128 బిట్ల రిజిస్టరులో ఇముడు వెక్టరు దానికి అంతర్నిర్మితమైన టైపు. ఓపెన్‌సీఎల్ భాషయందు ఆ టైపు పేరు ప్రక్కన గుండ్రని బ్రాకెట్లలో 1 అని ఒక్క సంఖ్య నిచ్చినచో నాలుగు గదులును 1తో నిండును. సీ భాషలో జీసీసీ అను మఱియొక కంపైలరు మార్గమున వెక్టరును ప్రకటించి ఫ్లవర్ బ్రాకెట్లలో అదే 1 నిచ్చినచో మొదటి గదికి మాత్రమే అది దక్కి, తక్కిన మూడింట సున్న చేరును. ఓపెన్‌సీఎల్‌లో ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ నాలుగింటికి రెండే యిచ్చితిమా, తప్పు చూపి కంపైలరు అచ్చటనే నిలిచిపోవును. ఈ మూడవ పద్ధతియే నాకు నచ్చినది. చెప్పనిదానిని సున్నగా నెంచుట సౌకర్యమే కావచ్చును గాని, సున్న అభావము కాదు. అయిదువలెనే అదియు నిర్దిష్టమైన విలువ, భావపదార్థము.

నిజమైన అభావమును చూడవలెనన్నచో లోపలికి, క్లాంగ్ వాడు ఎల్‌ఎల్‌వీఎం మధ్యభాషలోనికి దిగవలెను. అచ్చట అన్‌డెఫ్ అను విలువ యొకటి కలదు. దానిని వాడిన ప్రతిచోటను అది వేఱువేఱు విలువగా తేలవచ్చును. కావున దానినుండి దానినే తీసివేసినను సున్న వచ్చి తీరునను నియమము లేదు! ఇదియే అద్వైతుల అనిర్వచనీయమని చెప్ప మనస్సు ఉవ్విళ్లూరును గాని, నే నంగీకరింపను. శుక్తియందు తోచిన రజతము బాధితమగువఱకు చూచువానికి రజతముగనే నిలుచును. అన్‌డెఫ్‌కు ఆపాటి నిలుకడయు లేదు. ప్రాగభావమందుమా, అది ఫలానా ఘటముయొక్క అభావము. ఇది ఏ యొక్క విలువకును కట్టుబడినది కాదు, ఏది యనుకొన్నను సరేయని కంపైలరునకు లభించిన స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛకు హద్దు గీయుటకే 2020లో ఎల్‌ఎల్‌వీఎం 10తో ఫ్రీజ్ అను ఆదేశము వచ్చినది: ఏదో యొక విలువను ఎంచి, అటుపై అన్ని వాడుకలయందును అదే నిలుచునట్లు అది చేయును. ఏ విలువయో మాత్రము చెప్పదు.

మొదట చూచిన ఓపెన్‌సీఎల్ గుండ్రని బ్రాకెట్లలోని సంఖ్య ప్రోగ్రాము నడచునపుడే తెలియునదైనచో, కంపైలరు మొదట నాలుగు గదులును అనిశ్చితముగా నున్న వెక్టరును తీసికొని (పూర్వము అన్‌డెఫ్‌తో, ఇప్పుడు అంతకంటె కఠినమైన పాయిజన్ అను విలువతో), సున్నవ, అనగా మొదటి, గదిలో ఆ సంఖ్యను చేర్చి, పిదప సున్నవ గదినే నాలుగుమార్లు చదివి క్రొత్త వెక్టరును కూర్చును. తక్కిన మూడు గదులను ఎవ్వరును చదువరు గనుక, వాటియందేమి యున్నదను ప్రశ్న అచ్చట పుట్టనే పుట్టదు.