పాత్రతకు హద్దు ఎక్కడ?

తమిళనాడు ధర్మపురి జిల్లా మొరప్పూర్‌లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డు కావాలంటే రేషన్ కార్డుతో పాటు ఆదాయ ధ్రువపత్రం చూపాలి. ఏడాది ఆదాయం 1,20,000 రూపాయలు దాటకపోతే ప్రీమియం మొత్తం ప్రభుత్వానిదే. కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా వైద్యం.

మరి 1,21,000 సంపాదించేవాడి మాటేమిటి? కూలివాడి రాబడి వానలు పడిన ఏడాది ఒకలా, ఎండిన ఏడాది ఇంకోలా ఉంటుంది. పత్రంలో మాత్రం ఒకే అంకె.

ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న పాతదే. దానానికి పాత్రత చూడమంటుంది భగవద్గీత 17వ అధ్యాయం. దేశకాలాలూ చూడమంటుంది, సర్కారు ఆ రెండూ వదిలేసింది! ఇస్లాం జకాత్ (తప్పనిసరి దానం) ఇచ్చేవాడికీ హద్దు పెట్టింది: నిసాబ్‌కు, అంటే నిర్ణీత కనీస సంపదకు, మించిన సంపద ఏడాది పాటు ఉంటే అందులో 2.5 శాతం ఇవ్వాల్సిందే. ఇది దయ కాదు, బాకీ. బీమా రాయితీని కూడా అలా చూడటమే న్యాయం.

2009లో, ఈ పథకానికి ముందున్న కలైజ్ఞర్ బీమా నాటికి ఆదాయ పరిమితి 72,000. అంటే ఆ హద్దు బ్రహ్మరాతేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆరోగ్యశ్రీ ఆదాయ పరిమితిని 5 లక్షలకు పెంచింది. 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు నిండినవారికి ఆదాయం అడగకుండానే ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా ఇచ్చింది. ముప్పై ఏళ్ల కూలీకి మాత్రం ఆదాయ పత్రం తప్పదు.