ఇస్తానన్న ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. బదిలీల మీద బదిలీలు తిరిగిన నాబోటి బ్యాంకు ఉద్యోగి దానికి ఇంకొకటి చేరుస్తాడు: పరాయి ఊళ్ళో అద్దెకు ఇల్లు సంపాదించి చూడు. దొరికిన ఇల్లయినా పాలు పొంగించేదాకా మనదేనన్న భరోసా లేదు.

బెంగుళూరులో ఒక ఇంటాయన నెలకు ఇరవై వేల అద్దెకు ఇల్లు ఇస్తానని పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకం చేసి, రెండు లక్షలు అడ్వాన్సు పుచ్చుకున్నాడనుకుందాం. చేరబోయే మనిషి పాత ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేశాడు. పిల్లను దగ్గరి బడిలో చేర్చాడు. సామానుకు లారీ మాట్లాడుకున్నాడు. నాలుగు రోజుల ముందు ఇంటాయన ఫోను చేసి, "ఏమనుకోకండి, ఇల్లు ఇవ్వడం కుదరదు, మీ డబ్బు పంపించేస్తాను" అన్నాడు. డబ్బు పైసలతో సహా వచ్చింది. ఆయన ఇంకా ఏమైనా బాకీ ఉన్నాడా?

లేడనే చాలామంది అంటారు. ఇల్లు ఆయనది, డబ్బు మనది, ఎవరిది వారికి చేరింది. కామర్సు చదువుకున్నవాణ్ణి కనుక నాకు అనుమానం ఈ లెక్క మీదే. వదులుకున్న పాత ఇల్లు, కట్టిన ఫీజు, ఈ మాట నమ్మి వద్దన్న మరో ఇల్లు ఈ పద్దులో ఎక్కడా ఎక్కలేదు. ఒకరి మాట మీద ఇంకొకరు అడుగు ముందుకు వేశాక, ఆ మాట చెప్పినవాడి ఒక్కడి సొత్తుగా మిగలదు.

మన చట్టం ధోరణి కూడా ఇదే. ఒప్పందం తప్పినవాడు, దానివల్ల మామూలుగా కలిగే నష్టానికీ, కలుగుతుందని ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టానికీ పరిహారం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను చెబుతుంది. కనుక "ఫలానా తేదీకి పాత ఇల్లు వదులుతున్నాను" అని ముందే రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది. అయితే నష్టం తగ్గించుకునే ప్రయత్నం మనమూ చేయాలి. వేరే ఇల్లు వెతకకుండా నెలల తరబడి హోటల్లో ఉండి ఆ బిల్లంతా ఆయన నెత్తిన వేస్తామంటే కోర్టు ఒప్పుకోదు.

ఇల్లే ఇప్పించమని అడగవచ్చా? 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద అడగవచ్చు. 2018 సవరణతో ఆ దారి కొంత సుగమమయింది కూడా. కాని మన అగ్రిమెంటు పదకొండు నెలలది. డిక్రీ చేతికి వచ్చేసరికి ఆ గడువే దాటిపోవచ్చు. అందుచేత ముందు వకీలు ద్వారా నోటీసు, అడ్వాన్సుతోపాటు రసీదులున్న ఖర్చుల కోసం డిమాండు, కుదరకపోతే జిల్లా న్యాయసేవల సంస్థ ద్వారా రాజీకి ప్రయత్నం, చివరికి సివిలు కోర్టు. ఆచరణలో వరస ఇది. తాళం చేతికి వచ్చి కాపురం పెట్టాక మాత్రం సంగతి వేరు. అప్పుడు చట్టప్రకారం కాకుండా బలవంతాన వెళ్ళగొడితే, ఆరు నెలల లోపల దావా వేసి తిరిగి స్వాధీనం కోరవచ్చు.

ఇక ధర్మం మాట. ఒక ఇంటాయన అయిదు వేలు ఎక్కువ ఇచ్చేవాడు దొరికాడని మాట తప్పాడు. ఇంకొకాయన, అల్లుడు పోయి కూతురు బిడ్డలతో ఇంటికి వస్తే ఆ వాటా ఆమెకిచ్చాడు. చట్టానికి ఇద్దరూ ఒప్పందం తప్పినవారే. మనకు మాత్రం ఇద్దరూ ఒకటి కారు. అలాగని రెండో ఆయన ఏమీ ఇవ్వనక్కరలేదా? పంట పోయి బాకీ కట్టలేని రైతునూ, ఉండి ఎగ్గొట్టే ఆసామినీ బ్యాంకు ఒకే కంటితో చూడకూడదు. రైతుకు వాయిదా పెంచుతాం, గౌరవంగా మాట్లాడతాం. బాకీ మాత్రం పుస్తకాల్లో ఉంటుంది. ఇదీ అంతే. కారణం మంచిదైతే మన కోపం తగ్గాలి, ఆయన బాధ్యత కాదు. కూతురికి నీడ ఇవ్వడం తండ్రి ధర్మం. ఆ ధర్మానికయ్యే ఖర్చు ముక్కూమొహం తెలియని అద్దెవాడు భరించాలనడం ధర్మం కాదు. అద్దెవాడు దయతలచి వదులుకుంటే అది అతని గొప్పతనం. వదులుకోమని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

తెలుగునాడు విడిచి తరాలయిన మనలో ఒక అలవాటుంది. ఇంటాయన తెలుగులో పలకరిస్తే చాలు, "మనవాడే కదా, కాగితమెందుకు" అంటాం. భాష దగ్గరితనాన్ని ఇస్తుంది కాని సాక్ష్యం చెప్పదు. తమిళనాడులో 2019 నుంచి అమలులో ఉన్న చట్టం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలనీ, రెంట్ అథారిటీ వద్ద నమోదు కావాలనీ చెబుతోంది. ఎక్కడున్నా ఆ కాగితంలో ఒక వాక్యం చేర్చుకోమని నా సలహా: చేరకముందు ఎవరు వెనక్కి తగ్గినా రెండోవారికి ఒక నెల అద్దె ఇవ్వాలి. ఎవరు వెనక్కి తగ్గినా అన్నాను. బయానా ఇచ్చి, ఇంకో ఇల్లు నచ్చిందని ముఖం చాటేసే అద్దెవాళ్ళూ మనలో లేకపోలేదు. ఆ వాక్యం కింద సంతకం పెట్టడానికి ఎవరు వెనకాడతారో, ఆ ఇంటి సంగతి అక్కడే తెలుస్తుంది.